మూల చింపిన ఉత్తరాలు

పోయిన నెల ఒక పుస్తకం పంపడానికి సిద్దిపేట పోస్టాఫీసుకు వెళ్ళాను. కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి నా పొట్లాన్ని తూకం మీద పెట్టింది. ఏవో మీటలు నొక్కింది. యంత్రం నోట్లోంచి నల్లగీతల తెల్లకాగితం ఒకటి బయటికి వస్తే దాన్ని ఊడబీకి పొట్లానికి అంటించింది. అంతే, పని అయిపోయింది. నేను కదలకపోయేసరికి ఇంకేమన్నా ఉందా అమ్మా అని అడిగింది. స్టాంపులు అంటించవా తల్లీ అన్నాను. గవ్వలు తెచ్చి బియ్యం కొలవమన్న మనిషిని చూసినట్టు చూసింది. "స్టాంపులెందుకమ్మా, గిదే స్టాంపు" అని ఆ గీతల కాగితాన్ని వేలితో తట్టింది. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి ఈ ముసలమ్మ ఎప్పుడు తప్పుకుంటుందా అన్నట్టు గట్టిగా నిట్టూర్చాడు. తప్పుకున్నాను. బయట మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పి అని చెప్పాను గానీ నిజానికి కోపం వచ్చి కూర్చున్నాను. ఒక రాజు బొమ్మ లేదు, ఒక గుమ్మటం లేదు, నాలుక తడి తగిలించే పని లేదు. ఇట్లాంటి కాగితం ముక్కల కోసమైతే మా తాత ఊరు ఊరంతటినీ ఏడిపించి ఉండేవాడు కాదు.

మా తాత తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశాడు. కొలువులో ఉన్నన్నాళ్ళూ ఆయన కలం ఎత్తితే రైతులు వణికేవారట. పింఛను పుచ్చుకున్న మర్నాటి నుంచి మా పెరట్లో కోళ్ళు కూడా వణకడం మానేశాయి. ఆ అవమానం ఆయన భరించలేకపోయాడు. కొన్నాళ్ళు ఇంట్లోనే కచేరీ పెట్టి చూశాడు. మా అవ్వ, అంటే నా కన్నతల్లి, వంటలో నూనె ఎంత వాడుతోంది, పాలమనిషి నీళ్ళు ఎంత కలుపుతోంది అని విచారణలు జరిపాడు. ఒకరోజు మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, చేతిలో చీపురుతోనే వచ్చి, పొద్దుగూకేదాకా ఎక్కడన్నా కూర్చొని రమ్మని చెప్పింది. ఆయన వెళ్ళి కూర్చున్న చోటు టపాఖానా అరుగు. అప్పట్లో పోస్టాఫీసును మేము టపాఖానా అనేవాళ్ళం, స్టాంపును టికెట్టు అనేవాళ్ళం.

టపాఖానా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. కిరాయికి తీసుకున్న పెంకుటిల్లు, ఒక గది, ముందొక అరుగు, గోడకొక ఎర్రడబ్బా. హైదరాబాదు నుంచి గజ్వేల్ మీదుగా వచ్చే బస్సులో టపా సంచి దిగేది. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సుకు వెనక బొగ్గు కుంపటి లాంటి యంత్రం తగిలించి, ఆ పొగతో నడిపేవాళ్ళు. మిట్ట వస్తే ప్రయాణికులే దిగి తోసేవాళ్ళు. అట్లా చెమటోడ్చి తోసుకొచ్చిన ఉత్తరం కోసం జనం పొద్దున్నుంచే అరుగు కింద కూర్చునేవారు. షోలాపూరు మిల్లుల్లోకి, బొంబాయి మిల్లుల్లోకి కొడుకులను పంపిన నేతవాళ్ళు, ఊరూరా తిరిగి కల్లు గీసే కుటుంబాలవాళ్ళు, కోహెడ నుంచి మిరుదొడ్డి నుంచి నడిచొచ్చినవాళ్ళు. వాళ్ళకు చదువు రాదు. మా తాతకు ఉర్దూ, తెలుగు నీళ్ళు తాగినంత సులువు. ఇంగ్లీషు మాత్రం వచ్చీ రానట్టు వచ్చు, ఆ సంగతి బయటపడనిచ్చేవాడు కాదు. ఇంకేం, ఆయన పోయిన కచేరీ తిరిగొచ్చింది. అరుగు మీద బాసింపట్టు వేసుక్కూర్చొని, పేరుపెట్టి పిలిచి, ఉత్తరం చదివి వినిపించేవాడు. "కోడలికి కొడుకు పుట్టిండు" అన్న మాట కూడా ఆయన నోట తీర్పులాగే వినిపించేది. విన్నవాళ్ళు సంతోషించాలా, దండం పెట్టి ఒప్పుకోవాలా తెలియక తాత మొహం చూసేవాళ్ళు. పైసలిస్తే పుచ్చుకునేవాడు కాదు. సర్కారు కొలువు చేసినవాడు చేయి చాపుతాడా అని కళ్ళెర్రజేసేవాడు. కొలువులో ఉన్నప్పుడు చాపిన చేతుల సంగతి ఊళ్ళో అందరికీ తెలిసినా ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆయన తమలపాకుల సంచీ, గొడుగూ మోయడం నా పని. ఆడపిల్లకు ఉర్దూ బడి ఎందుకని నన్ను బడికి పంపలేదు గనుక నాకు బోలెడు తీరిక. ఆ గదిలోకి తొంగిచూస్తే కరుగుతున్న లక్క వాసన, గోనెసంచీ వాసన, జిగురు వాసన, వాటన్నిటి మీదా పోస్టుమాస్టరు సాబు పూసుకున్న అత్తరు వాసన. ఆయనది హైదరాబాదు. సిద్దిపేటకు బదిలీ చేయడాన్ని దేశం నుంచి వెళ్ళగొట్టడంగా భావించాడు. రోహిణి ఎండల్లో కూడా షేర్వానీ బొత్తాలు మెడదాకా పెట్టుకొని, ఏ క్షణాన్నైనా తిరిగి రమ్మని పిలుపు వస్తుందన్నట్టు సిద్ధంగా కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం బస్సు గజ్వేల్ దగ్గరే మొరాయించింది. సంచీ లేదు, పని లేదు. విసుగెత్తి ఆయన మేజా సొరుగులోంచి బిస్కట్ల డబ్బా ఒకటి తీసి మూత తెరిచాడు. బిస్కట్లేమో అని నేను దగ్గరికి జరిగాను.

డబ్బా నిండా టికెట్లు. ఖర్జూరపు చెట్లున్నవి, ఓడలున్నవి, గడ్డాల రాజులున్నవి, కిరీటం పెట్టుకున్న రాణులున్నవి. మా సర్కారువి కూడా ఉన్నాయి, చార్మినారు బొమ్మతో, నాలుగు లిపుల్లో. అందులో ఒక మూల నువ్వుగింజంత తెలుగు. బడిలో కాలుపెట్టనివ్వని తెలుగుకు టికెట్టు మూలన అంత జాగా ఇచ్చారంటే సర్కారు దయ తక్కువదేం కాదు. సాబు భూతద్దం నా చేతికిచ్చాడు. దాని కింద ఒక ఓడ కదిలినట్టయింది. సముద్రమంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. ఆ వేలెడు కాగితం మీద నీలంగా, అలలతో, అది ఉంది. నా ఒళ్ళు ఝల్లుమంది. ఇంత అందమైన దాని మీద నల్లసిరా ముద్ర గుద్ది పాడుచేస్తారెందుకని ఏడుపు కూడా వచ్చింది. తాతకు కనిపించింది మాత్రం వేరు. ఇన్ని దేశాల సర్కారులు, ఇంతమంది రాజులు, ఒక్క రేకుడబ్బాలో, మూత పెడితే నోరెత్తకుండా పడి ఉన్నారు. జీవితమంతా తహసీల్దారు ముందు చేతులు కట్టుకు నిలబడ్డవాడికి అంతకంటే ముచ్చటైన దృశ్యం ఏముంటుంది?

మర్నాటి నుంచి తాత ఉత్తరం చదివిన కూలికి టికెట్టు పుచ్చుకోవడం మొదలుపెట్టాడు. కత్తెర బాపమ్మ పెట్టెలో ఉండేది, అడిగితే కారణం చెప్పాలి. అందుకని కవరు మూలను బొటనవేలితో మడిచి సర్రున చింపేసేవాడు. ఉత్తరం తెచ్చినవాళ్ళకు అభ్యంతరమేం లేదు, ముద్ర పడ్డ టికెట్టు కూరకా నారకా. చింపిన మూలలన్నీ ఇంటికి తెచ్చి, బాపమ్మ దేవుడి దగ్గర పూలు పెట్టుకునే ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి నానబెట్టేవాడు. జిగురు వదిలాక ఒక్కొక్కటీ నా లంగా మీద ఆరబెట్టేవాళ్ళం. ఆ తర్వాత పాత పంచాంగాల్లో గంజితో అంటించేవాడు. వర్జ్యాలూ రాహుకాలాలూ అన్నీ రాజుల కిందికి పోయాయి. గంజి రుచికి బొద్దింకలు మరిగి, ఒక జార్జి చక్రవర్తి మీసం నుంచి కిరీటం దాకా తినేస్తే, తాత రెండు పూటలు అన్నం సయించక పడుకున్నాడు. చుట్టం పోయినా ఆయన అంత దిగులు పడలేదని మా అవ్వ వంటింట్లోంచి అంటుండేది.

ఇక మా చిన్నబాపు సంగతి చెప్పాలి. మా బాపుకు తమ్ముడు, బాపమ్మకు కడుపుచించుకు పుట్టిన ఆఖరివాడు. హైదరాబాదులో మోటారు మరమ్మతు నేర్చుకొని, బొంబాయిలో ఎవరో తెల్లవాళ్ళ పెట్రోలు కంపెనీలో కుదిరి, ఓడెక్కి బస్రాకు వెళ్ళాడు. బస్రా ఎక్కడుందో బాపమ్మకు తెలియదు. యుద్ధం ఎక్కడ జరుగుతోందో కూడా తెలియదు. రెండూ తెలియనివే గనుక రెండూ ఒక్కచోటే అని గట్టిగా నమ్మింది. వాడు ఉన్నాడా లేడా అన్నదొక్కటే ఆవిడకు పట్టిన చింత. ఉత్తరం వచ్చిన వారం మా ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయేది, రాని వారం ఎవరికీ ముద్ద దిగేది కాదు. చిన్నబాపు బడిలో చదివింది ఉర్దూ గనుక ఉర్దూలోనే రాసేవాడు. కన్నతల్లితో ఏనాడూ మాట్లాడని భాషలో కన్నతల్లి క్షేమం అడిగేవాడు. తాత అదంతా అరుగు మీదే చదువుకొని, టికెట్టు చింపుకొని, ఇంటికొచ్చి గడపలోనే బాగున్నాడని కేకేసి, ఆ పైన వివరాలు చెప్పేవాడు.

మా దిక్కున ఉత్తరాలకో పద్ధతి ఉండేది. పెళ్ళి కబురైతే నాలుగు మూలలా పసుపు పూసి పంపేవాళ్ళు. చావు కబురైతే మూల చింపి పంపేవాళ్ళు. అక్షరం రానివాళ్ళు కూడా చదవగలిగిన అక్షరాలు ఆ రెండే. మూల చిరిగిన కాగితం చేతిలో పడితే లోపల ఏముందో ఎవరూ అడగరు. పొయ్యి ఆర్పేసి, వండింది పారబోసి, కట్టుబట్టలతో నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుంటారు. ఈ సంగతి తాతకు తెలియదా? పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. కానీ టికెట్టు యావ పట్టాక ఆయనకు మూల మూలలా కనిపించలేదు, టికెట్టు ఉండే జాగాలా మాత్రమే కనిపించింది.

ఆ రోజు బస్రా నుంచి వచ్చిన కవరు మీద కొత్త టికెట్టు ఉంది. దాని మీద రాజు బొమ్మ, ఆ రాజు నా ఈడు పిల్లవాడు! పాపిడి తీసి దువ్విన తల, పాలబుగ్గలు. పోస్టుమాస్టరు సాబు దాన్ని చూస్తూనే తన డబ్బా ముందుకు తోసి, ఇందులో నీకు నచ్చింది తీసుకొని అది నాకియ్యి అన్నాడు. తాత ససేమిరా అన్నాడు. ఎప్పటినుంచో తాత కన్ను ఆ డబ్బాలోని నీలి ఓడ టికెట్టు మీద ఉంది. సాబేమో అదొక్కటి తప్ప మిగతావి ఏదైనా తీసుకో అంటాడు. బేరం తెగలేదు. ఇద్దరు పెద్దమనుషులూ పొలం గట్టు తగాదా పడ్డట్టు పడుతుంటే, తాత నన్ను పిలిచి, మూల చింపిన కవరు చేతిలో పెట్టి, బాపమ్మకియ్యి, నేను వచ్చి చదువుతానని చెప్పు అని పంపాడు. నేను గంతులేసుకుంటూ వెళ్ళాను.

బాపమ్మ పెరట్లో కారం దంచుతోంది. కవరు చేతికిచ్చి, బస్రా నుంచి వచ్చింది, తాత వస్తున్నాడు అన్నాను. ఆవిడ కవరు తిప్పి మూల చూసింది. లోపలి కాగితం మూల కూడా చిరిగి ఉంది. రోకలి చేతిలోంచి జారిపోయింది. ఆ తర్వాత ఆవిడ గొంతులోంచి వచ్చిన కేక ఇప్పటికీ నాకు చెవుల్లో ఉంది, దాని గురించి హాస్యమాడలేను. అవ్వ పరుగెత్తుకొచ్చి తనూ మూల చూసి కూలబడింది. బాపు ఊళ్ళో లేడు. చదివేవాళ్ళు ఎవరూ లేరు, చదవాల్సిన అవసరమూ ఎవరికీ తోచలేదు. పొయ్యి ఆర్పారు. ఆ పూట వండిన యాటకూర, మా ఇంట్లో అరుదుగా ఉడికే మేకమాంసం, కుండతో సహా గల్లీలో పారబోశారు. గల్లీ ఆడవాళ్ళంతా వచ్చి బావి దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకొని, తడిబట్టలతో వరుసగా కూర్చొని ఏడ్వసాగారు. నేనూ ఏడ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేను, అందరూ ఏడుస్తుంటే ఏడవకపోతే తంతారనుకున్నాను.

తాత ఆ పిల్లరాజును జేబులో పెట్టుకొని, గెలిచిన మొహంతో గల్లీ మలుపు తిరిగాడు. ఇంటిముందు తడిచిన జనం, వాకిట్లో మాంసం ముక్కలు, వాటి చుట్టూ కుక్కలు. ఎవరో పోయారని అర్థమైంది, ఎవరని అడగడం మర్యాద కాదు. తలపాగా తీసి భుజాన వేసుకొని, నేరుగా వెళ్ళి మగవాళ్ళ మధ్య కూర్చొని, తనూ బిగ్గరగా ఏడవడం మొదలుపెట్టాడు. కాసేపయ్యాక పక్కింటాయన చెయ్యి పట్టుకొని ఓదారుస్తూ, ముసలితనంలో నీకు ఈ కష్టం రాకూడదు, బంగారం లాంటి కొడుకు అన్నాడు. తాత ఏడుపు అక్కడే ఆగింది. ఎవరి కొడుకు అని అడిగాడు. చెప్పారు. కవరు తెచ్చి చూపించారు. ఆయన ఆ కవరు వంకా, చిరిగిన మూల వంకా, తన జేబు వంకా చూసుకున్నాడు. "వాడు చావలేదు. చింతకాయ తొక్కు పంపుమన్నడు" అన్నాడు.

ఆ తర్వాత బాపమ్మ ఆయన్ను ఏమన్నదో రాస్తే ఈ పుస్తకం ఎవరూ అచ్చువేయరు. పంచాంగాలన్నీ పొయ్యిలో పెడతానంది. నిజంగా పెట్టేదే. ఇంతలో, చావు ఇల్లని విని వచ్చిన పురోహితుడు అయ్యగారు, వచ్చినందుకు ఏదో ఒకటి చెప్పకుండా వెళ్ళడం ఇష్టంలేక, ఇందులో బాధపడాల్సిందేమీ లేదన్నాడు. కాకి నెత్తిమీద తన్నితే ఏం చేస్తారు? మనిషి పోయాడని అయినవాళ్ళకు తప్పుడు కబురు పంపి ఏడిపిస్తారు. ఆ ఏడుపుతో గండం పోతుంది, ఆయుష్షు పెరుగుతుంది. ఇదీ అట్లాంటిదే. కన్నతల్లి కడుపుమండి ఏడ్చింది గనుక మీ వాడికి ఇక బస్రాలో బాంబు పడ్డా ఏం కాదన్నాడు. బాపమ్మ చాలాసేపు ఆలోచించింది. అయ్యగారికి సోలెడు బియ్యం, రెండు అరటికాయలు ఇచ్చి పంపింది. రాత్రి అన్నం వడ్డిస్తూ తాతతో, "మల్ల ఉత్తరమొస్తే మూల చింపి తే. నేను ఏడ్సినంక సదువు" అంది.

అప్పటినుంచి మా ఇంట్లో అదొక క్రతువు అయిపోయింది. బస్రా ఉత్తరం వస్తే తాత అరుగు మీద విప్పకూడదు. మూల చింపి, నోరు మెదపకుండా తెచ్చి బాపమ్మ చేతికివ్వాలి. ఆవిడ మూల చూసి ఏడవాలి. ఉత్తుత్తి ఏడుపు పనికిరాదని ఆవిడ నియమం. బతికున్నవాడి కోసం నిజం ఏడుపు ఎట్లా వస్తుందని అవ్వ ఒకసారి అడిగితే, వాని చిన్నప్పటి సంగతులు తలుచుకుంటే అదే వస్తుందని చెప్పింది. జ్వరమొస్తే తన కొంగు నోట్లో పెట్టుకొని పడుకునేవాడట. అది మొదలుపెడితే నిజంగానే వచ్చేది. ఏడ్చి, బావి దగ్గర చల్లటి నీళ్ళు నెత్తిన పోసుకొని, తడిచీరతోనే వచ్చి తాత ఎదురుగా కూర్చొని, కొంగుతో మొహం తుడుచుకొని, "ఇగ సదువు" అనేది. అప్పుడు తాత చదివేవాడు. చిన్నబాపు తొక్కు పంపమనేవాడు, సర్వపిండి గుర్తొస్తోందనేవాడు, ఉల్లెన్ బనీను కావాలనేవాడు. బస్రాలో అంత చలి ఎందుకుందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అవ్వ మాత్రం తెలివైంది. టపా వచ్చే రోజు ముందే వంట తగ్గించి వండేది, పారబోసినా నష్టం రాకుండా.

సంగతి గల్లీ దాటింది. షోలాపూరు కొడుకుల తల్లులు, బొంబాయి మొగుళ్ళ పెళ్ళాలు, మా వాళ్ళకు మాత్రం ఆయుష్షు వద్దా అని అరుగు దగ్గర గుమిగూడారు. టికెట్టు తాతకు, చిరిగిన మూల వాళ్ళకు. ఇటువంటి ఒప్పందం ఏ కచేరీలోనూ ఎప్పుడూ కుదిరి ఉండదు. టపా రోజున ఊళ్ళో బావుల దగ్గర జాగా దొరికేది కాదు. ఒక గల్లీలో ఏడుపు ఆగేసరికి ఇంకో గల్లీలో మొదలయ్యేది. పై ఊళ్ళ నుంచి అంగడికి వచ్చినవాళ్ళు సిద్దిపేటలో కలరా తగిలిందని భయపడి వెనక్కి పోయేవాళ్ళు. ఎవరి ఏడుపు గట్టిదో, ఎవరిది పైపైదో బాపమ్మ తీర్పు చెప్పేది. ఫలానా కోడలు మొగుడి కోసం ఏడుస్తూ మధ్యలో కోడిని అదిలించిందని, ఆ మొగుడి ఆయుష్షుకు తను పూచీ పడలేనని బాధపడేది. పోస్టుమాస్టరు సాబుకు ఈ ఆచారం సగమే తెలుసు. ఈ ఊరివాళ్ళ గుండెలు ఎంత మెత్తనివో, క్షేమమని రాసినా ఏడుస్తారు అని ఆయన ఆశ్చర్యపోయేవాడు. తాత పంచాంగాలు నిండిపోతుంటే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. నీలి ఓడను ఇంకా గట్టిగా దాచుకున్నాడు. పిల్లరాజులు ఇద్దరు వచ్చినా, ముగ్గురు వచ్చినా తాతా దిగిరాలేదు.

ఇప్పుడు నా మనవరాలి ఫోనులో అన్ని కబుర్లూ ఒకే అద్దం మీద, ఒకే రకం అక్షరాల్లో వస్తాయి. పుట్టినరోజు కేకు బొమ్మ, దాని కింద ఎవరో పోయారన్న మాట, దాని కింద కందిపప్పు ధర. ఆ పిల్ల బస్సులో నిలబడి బొటనవేలితో తోసుకుంటూ పోతుంది. కేకుకు పెట్టిన దండం బొమ్మే చావుకూ పెడుతుంది, పొరపాటున నవ్వు బొమ్మ పెట్టి మళ్ళీ చెరుపుతుంది. మేము మూఢులమని ఆ పిల్ల అభిప్రాయం. మూఢులమే. ఒక కాగితం ముక్క చిరిగితే ప్రాణం పోయిందనుకున్నాం, ఏడిస్తే ప్రాణం నిలుస్తుందనుకున్నాం. కాదని ఎవరన్నా రుజువు చూపిస్తే ఒప్పుకునేవాళ్ళం కూడా కాదు. కానీ కబురు చేతికొచ్చినప్పుడు చేతిలో పని కిందపెట్టేవాళ్ళం. నాకు అదొక్కటే ఇప్పటివాళ్ళలో కనబడదు, అందుకే పోస్టాఫీసు మెట్ల మీద కోపం వచ్చింది.

ఆ ఏడు వానలు పట్టాక బస్రా నుంచి చాలాకాలం ఏ ఉత్తరమూ రాలేదు. బాపమ్మ తొక్కు జాడీ మూటగట్టి సిద్ధంగా పెట్టుకుంది. ఒకరోజు సంచీలో తాత పేరున పొడుగాటి కవరు వచ్చింది. బస్రా నుంచి కాదు, బొంబాయిలోని కంపెనీ ఆఫీసు నుంచి. దాని మీద టికెట్టు లేదు. టికెట్టు ఉండాల్సిన చోట యంత్రంతో గుద్దిన ఎర్రసిరా ముద్ర ఉంది, గుండ్రంగా, బొమ్మ లేకుండా. ఇదేం టికెట్టని తాత సాబును వెక్కిరించాడు. కవరు లోపలి కాగితం ఇంగ్లీషు, అచ్చు అక్షరాలు. తాత కాసేపు చదువుతున్నట్టు నటించి, అద్దాలు మరిచిపోయానని చెప్పి సాబుకిచ్చాడు. అద్దాలు ఆయన ముక్కు మీదే ఉన్నాయి.

సాబు చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. బయటికొచ్చి తాత పక్కనే అరుగు మీద కూర్చున్నాడు, షేర్వానీకి మట్టి అంటుతుందని కూడా చూసుకోలేదు. చెవిలో ఏదో చెప్పాడు. నాకు వినిపించింది బుఖార్ అన్న ఒక్క మాట, అంటే జ్వరం. ఏం చెయ్యాలో సాబుకు తెలియలేదు. లేచి లోపలికి వెళ్ళి, బిస్కట్ల డబ్బాలోంచి నీలి ఓడ టికెట్టు తెచ్చి తాత అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. తాత దాన్ని చూడలేదు. ఇంటికి వచ్చే దారిలో అది ఎక్కడో జారిపోయింది. నేను చూశాను గానీ ఏరలేదు. నాకప్పటికి అర్థమైంది.

బాపమ్మ గడపలోనే ఉంది. తాత చేతిలో కవరు చూసి, ఇంత పొడుగు ఉత్తరమా, చాలా సంగతులు రాసినట్టున్నాడని మురిసిపోయింది. తాత నోరు తెరిచాడు. ఆవిడ కవరు అందుకొని తిప్పి చూసి, "మూల మంచిగనే ఉన్నదేంది. చింపుడు మరిచినవా?" అని విసుక్కుంటూ మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది.

తాత దాని మూలను బొటనవేలితో మడిచాడు. టికెట్టు లేని ఆ మూలను మెల్లగా చింపి, కవరు ఆవిడకిచ్చాడు. చింపిన ముక్క గుప్పిట్లోనే ఉండిపోయింది.

బాపమ్మ మూల చూసి ఏడ్చింది. కొంగు నోట్లో పెట్టుకొని పడుకునే సంగతి తలుచుకొని, ఎప్పటిలాగే నిజంగా ఏడ్చింది. బావి దగ్గరికి వెళ్ళి నెత్తిన నీళ్ళు పోసుకుంది. తడిచీరతో వచ్చి తాత ఎదురుగా కూర్చొని, మొహం తుడుచుకొని, కొంచెం నవ్వింది.

"ఇగ సదువు. ఏమేం పంపుమన్నడు?"